గోల్ఫ్ గ్లోవ్: ఎం వేస్తే అరచెయ్యి బిగుతు, ఎల్ వేస్తే వేళ్ల చివర ఖాళీ. ఏం కొనాలి?

రుషికొండ_హుక్

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఉంటాను, ఆట మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. ఎక్కువగా రేంజ్‌లోనే (ప్రాక్టీస్ చేసే చోటు) బకెట్ల కొద్దీ బంతులు కొడుతుంటాను, ఆదివారం ఎవరైనా తోడు దొరికితే తొమ్మిది హోల్స్. స్వింగ్ సంగతి చూడ్డానికి కోచ్ ఉన్నారు గానీ గ్లోవ్ గురించి అడిగితే "ఏదో ఒక మంచి లెదర్‌ది తీసుకో" అని తేల్చేస్తారు. ఆ "ఏదో ఒకటి" దగ్గరే నాకు ఇబ్బంది.

నా చెయ్యి వెడల్పు, వేళ్లు పొట్టి. ఎం సైజు వేస్తే అరచెయ్యి దగ్గర పట్టేసి, వెల్క్రో అంచుకి అంటీ అంటనట్టు అంటుకుంటుంది. ఎల్ వేస్తే అరచెయ్యి హాయిగా ఉంటుంది గానీ వేళ్ల చివర తోలు మిగిలిపోయి వేలాడుతుంది. షాపులో అతనేమో "వాడగా వాడగా సర్దుకుంటుంది సార్" అన్నాడు. నిజంగా సర్దుకుంటుందా?

ఇంకోటి చెమట. ఇక్కడి ఉక్క తెలిసిందే కదా, ఏప్రిల్ వచ్చిందంటే సగం బకెట్ అయ్యేసరికి గ్లోవ్ పిండితే నీళ్లొస్తాయి. పైగా ఇప్పటిదాకా వాడినవన్నీ ఒకే చోట చిరిగాయి: అరచేతి కింది భాగంలో, చిటికెన వేలి వైపు, మణికట్టుకి కాస్త పైన. మిగతా గ్లోవ్ అంతా కొత్తదానిలా ఉంటుంది, అక్కడ మాత్రం చిల్లు. లెదర్ వదిలేసి సింథటిక్‌కి వెళ్తే ఈ బాధలు తప్పుతాయా? డబ్బు పెద్ద సమస్య కాదు గానీ నెలనెలా గ్లోవ్ కోసం వెయ్యి, పదిహేను వందలు తగలెయ్యాలంటే మనసొప్పట్లేదు.

బోగీ_బాబాయ్

తమ్ముడూ, ముందు ఆ షాపు అతని మాట మర్చిపో. తోలు సాగుతుంది, అది నిజం. సాగితే వదులవుతుంది, అంతే. ఇవాళ వేళ్ల చివర మిగిలిన తోలు పది రోజుల తర్వాత ఇంకాస్త మిగులుతుంది. కాబట్టి లెదర్ ఎప్పుడూ కొన్న రోజున కొంచెం బిగుతుగా, "అబ్బా, ఎక్కట్లేదే" అనిపించేలా ఉండాలి. సింథటిక్ అంతగా సాగదు, దాన్ని మాత్రం మొదటి రోజే హాయిగా పట్టేలా చూసుకో.

నీకు కావాల్సింది క్యాడెట్ సైజు. ఎన్‌సీసీ పిల్లల కోసం చేసింది కాదులే, కంగారు పడకు. అరచెయ్యి వెడల్పు మామూలు సైజులాగే ఉంటుంది, వేళ్లు మాత్రం పొట్టిగా కుడతారు. క్యాడెట్ ఎం, క్యాడెట్ ఎంఎల్ (మీడియం-లార్జ్), క్యాడెట్ ఎల్ అని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. నీలాంటి చెయ్యి మనవాళ్లలో చాలామందికి ఉంటుంది, అయినా మన షాపుల్లో ఈ సైజులు తెచ్చి పెట్టేది తక్కువ, అడిగితే తెప్పిస్తామంటారు. క్లబ్బులో చాలామంది ఎల్ వేసుకుని వేళ్ల చివర ఖాళీతోనే ఏళ్ల తరబడి ఆడేస్తున్నారు, ఇలాంటి సైజు ఒకటుందని చెప్పేవాళ్లు లేక.

అంచనా మీద కొనకు, టైలర్ టేపు తీసుకో. బొటనవేలు వదిలేసి పిడికిలి కణుపుల మీదుగా అరచెయ్యి చుట్టూ ఒక కొలత. మధ్యవేలు చివర నుంచి, అరచేతిలో వేలు మొదలయ్యే గీత దాకా ఇంకో కొలత. కంపెనీ చార్టులో ఈ రెండూ ఒకే గడిలో పడితే మామూలు సైజు. చుట్టుకొలత ఒక గడిలో, వేలు అంతకన్నా చిన్న గడిలో పడితే క్యాడెట్. ఎవరి చార్టు వాళ్లదే, ఒకళ్ల ఎంఎల్ ఇంకొకళ్ల ఎల్ అవుతుంది, అందుకని ఫుట్‌జాయ్ చార్టు చూసి క్యాలవే కొనకు. జపాన్ మార్కెట్ కోసం చేసినవి దొరికితే వాటి మీద 22, 23, 24 అని నంబర్లుంటాయి, అది అరచేతి చుట్టుకొలతే, సెంటీమీటర్లలో.

షాపులో వేసి చూసే ఛాన్స్ ఉంటే ఇలా చూడు. నాలుగు వేళ్లూ ముందు దూర్చి, రెండో చేత్తో వేళ్ల సందుల్లో నొక్కుకుంటూ కిందికి దిగేలా చెయ్యి, ఆ తర్వాత బొటనవేలు, ఆఖర్న వెల్క్రో. వెల్క్రో పట్టీ ముప్పాతిక దాకా వచ్చి ఆగాలి. ఆ మిగిలిన పావు, రేపు తోలు సాగాక లాగి బిగించుకోవడానికి పనికొస్తుంది. పట్టీ ఇప్పుడే చివరిదాకా వచ్చేసిందంటే అది నీకు పెద్దది. చెయ్యి చాచి అరచేతి మధ్య తోలుని గిల్లి చూడు, వేళ్లకి చిక్కితే వద్దు. పిడికిలి బిగిస్తే కణుపుల మీద లాగుతున్నట్టు ఉండొచ్చు, నొప్పి మాత్రం ఉండకూడదు. చివరగా అక్కడున్న ఏదో ఒక క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకుని చూడు. ఉత్త చేతికి బాగుందనిపించిన గ్లోవ్ కూడా గ్రిప్ (క్లబ్ పిడి) పట్టుకోగానే అరచేతిలో మడత పడుతుంది ఒక్కోసారి, ఆ మడతే తర్వాత బొబ్బ అవుతుంది. వీలైతే సాయంత్రం పూట వెళ్లు, ఎండలో తిరిగొచ్చిన చెయ్యి కాస్త ఉబ్బి ఉంటుంది, ఆడేటప్పుడూ నీ చెయ్యి అలాగే ఉంటుంది కదా.

లెదరా సింథటిక్కా అంటే, నన్నడిగితే రెండూ. రేంజ్‌లో సింథటిక్, కోర్సు మీద అసలు ఆట ఆడేటప్పుడు లెదర్. వంద బంతులు వరసగా కొట్టే చోట పల్చటి కాబ్రెట్టా తోలు అరగదీయడం దండగ.

ఉత్తచెయ్యి

ఇంత గొడవెందుకు, గ్లోవే తీసి పారెయ్యి బ్రో. ఫ్రెడ్ కపుల్స్ 1992లో మాస్టర్స్ టోర్నీ గెలిచాడు, చేతికి గ్లోవ్ లేదు. గ్లోవ్ వేసుకోవాలని రూల్స్‌లో ఎక్కడా లేదు. అరచేతికి కాయలు కాస్తే కాయనీ.

బోగీ_బాబాయ్

కపుల్స్ వేసుకోడు, టామీ గెయినీ రెండు చేతులకీ వేసుకుంటాడు. ఎవరి అలవాటు వాళ్లది. కానీ నువ్వు వైజాగ్ ఉక్కలో ఉత్త చేత్తో డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) ఊపావంటే బంతి కన్నా క్లబ్ ఎక్కువ దూరం పోతుంది, ముందు నిలబడ్డవాళ్లకి చెప్పి కొట్టు.

ఫ్రిస్కో_త్రీపుట్

డల్లాస్ పక్కన ఫ్రిస్కో నుంచి. సైజు సంగతి బాబాయ్ చెప్పేశారు, నేను ఆ చిల్లు గురించి మాట్లాడతాను, అసలు సంగతి అక్కడుందని నా అనుమానం.

మీ గ్లోవ్స్ అన్నీ ఒకే చోట చిరుగుతున్నాయంటే తప్పు తోలుది కాదు, అక్కడేదో రాసుకుంటోంది. చిటికెన వేలి వైపు అరచేతి కింది కండ దగ్గర చిల్లు పడటం చాలామంది కొత్త ఆటగాళ్లలో కనిపిస్తుంది. మామూలుగా దానికి కారణాలు: క్లబ్బుని వేళ్లలో కాకుండా అరచేతి మధ్యలో పట్టుకోవడం, లేదంటే గ్రిప్ మరీ చివర పట్టుకోవడం వల్ల ఆ మొన సరిగ్గా ఆ కండ కిందికి రావడం. బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ వెనక్కి పైకి వెళ్లాక ఆఖరి మూడు వేళ్లు కాస్త వదులవుతాయి, కిందికి వచ్చేటప్పుడు మళ్లీ బిగుసుకుంటాయి, ఆ మధ్యలో గ్రిప్ చివర అటూ ఇటూ కదిలి ఆ చోటుని ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తుంది. ఇప్పుడు సింథటిక్ వేసుకున్నారనుకోండి, చిల్లు కాస్త ఆలస్యంగా పడుతుంది, అంతే. బంతి ఎడమకో కుడికో పోవడం ఎలాగూ ఆగదు. మీ పేరులోనే హుక్ (బంతి ఎడమకి వంగిపోవడం) ఉంది కాబట్టి చెబుతున్నా.

ఇలా చేసి చూడండి. ఎడమ చేత్తో పట్టుకున్నప్పుడు గ్రిప్ చివర ఒక సెంటీమీటరు బయటికి కనిపించాలి. క్లబ్ చిటికెన వేలి మొదలు దగ్గర నుంచి చూపుడు వేలి మధ్య కణుపు వైపుకి ఏటవాలుగా వేళ్ల మీద ఉండాలి, ఆ కింది కండ గ్రిప్ పైన కూర్చోవాలి. కుదిరిందో లేదో తెలియాలంటే చూపుడు వేలు, ఆ కండ, ఈ రెండింటితోనే క్లబ్బుని పైకి లేపి చూడండి, నిలబడితే సరిగ్గా ఉన్నట్టే. మీ కోచ్‌కి పాత గ్లోవ్ తీసుకెళ్లి చూపించండి, వీడియో కన్నా ఎక్కువ చెబుతుంది అది. బొటనవేలి మీద అరిగితే వేరే కథ: బొటనవేలు గ్రిప్ మీద మరీ పొడుగ్గా చాపి పెడుతున్నారనో, కుడి అరచెయ్యి దాని మీద జారుతోందనో అనుకోవచ్చు. చూపుడు వేలు, మధ్య వేలు దగ్గర కొద్దికొద్దిగా నున్నబడితే అది మామూలు అరుగుదలే.

ఇంకో మాట, గ్రిప్‌లు ఎప్పుడు కడిగారు? చెమట, సన్‌స్క్రీన్, దుమ్ము కలిసి రబ్బరు మీద పొరలా పేరుకుంటుంది, నున్నగా మెరుస్తుంటుంది, దానికి భయపడి మనం ఇంకా గట్టిగా పట్టుకుంటాం, గ్లోవ్ ఇంకా తొందరగా పోతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. దాని తర్వాత కూడా జారుతుంటే గ్రిప్‌లు మార్చే టైమొచ్చినట్టు. చాలామంది గ్లోవ్ మీద గ్లోవ్ కొంటారు గానీ గ్రిప్ జోలికి పోరు, ఎందుకో నాకు అర్థం కాదు.

ఖర్చు విషయానికొస్తే, ఇక్కడ కాస్ట్‌కోలో కిర్క్‌ల్యాండ్ వాళ్ల లెదర్ గ్లోవ్స్ కొన్ని కలిపి ప్యాక్‌గా అమ్ముతారు, ఒక్కోటి లెక్కేస్తే పెద్ద బ్రాండ్ల కన్నా బాగా చవక. చుట్టాలెవరైనా వస్తుంటే తెప్పించుకోండి, ఆవకాయ జాడీ ఇటు, గ్లోవ్స్ అటు. కాకపోతే సైజు సరిచూసుకోకుండా ప్యాక్ మొత్తం ఒకేసారి తెప్పించకండి.

ఎడమచేతి_వాటం

ఈ థ్రెడ్‌లో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ప్యాకెట్ మీద ఎంఎల్‌హెచ్ అని ఉంటే "మగవాళ్లది, ఎడమ చేతికి వేసుకునేది" అని, ఎడమచేతి వాటం ఆటగాడిది అని కాదు. కుడిచేతి వాటం వాళ్లంతా ఎడమ చేతికి వేసుకుంటారు కాబట్టి షాపులో తొంభై పాళ్లు అవే. నాలాంటి వాళ్లకి కుడి చేతి గ్లోవ్ కావాలి. మొన్నొక షాపులో నేను లెఫ్టీని అనగానే ఎంతో ఉత్సాహంగా లెఫ్ట్ హ్యాండ్ గ్లోవ్ తీసి చేతిలో పెట్టారు, వద్దంటే "మీరే కదా మేడమ్ లెఫ్ట్ అన్నారు" అని నా వైపే విచిత్రంగా చూశారు. ఆడవాళ్ల సైజుల్లో కుడి చేతివి మన దగ్గర దొరకడం ఇంకా కష్టం. దొరికినప్పుడు రెండు కొని పెట్టుకోండి అక్కా చెల్లెళ్లూ.

అలాగే ఉంగరం. లెదర్ గ్లోవ్ లోపల రాయి ఉన్న ఉంగరం పెట్టుకుంటే లోపలి నుంచి చిరుగుతుంది, వేలు కూడా ఒత్తుకుంటుంది. తీసి బ్యాగులో చిన్న జిప్ జేబులో వేసుకోండి, ఇంట్లో ఏమన్నా అంటే కోర్సు మీద ఎవరూ చూడట్లేదని చెప్పండి. గోళ్లు పెంచుకునేవాళ్లకి వేళ్ల చివర తెరిచి ఉన్న రకాలు కూడా వస్తాయి. జిమ్ గ్లోవ్స్‌తో ఆడొచ్చా అని మా గ్రూపులో ఒకరు అడిగారు, పోటీల్లో కుదరదు, పట్టుకునే వైపు మెత్త పెట్టిన గ్లోవ్స్ గోల్ఫ్ రూల్స్ ఒప్పుకోవు. మామూలుగా ఆడుకునేటప్పుడు కూడా ఆ మెత్త వల్ల క్లబ్ చేతిలో ఎటు తిరిగిందో తెలియదు.

నెల్లూరి_నైన్‌హోల్

చిన్న విషయం. కాబ్రెట్టా అంటే మేక తోలు అనుకుంటారు చాలామంది. కాదు, గొర్రె తోలే, కాకపోతే ఉన్ని కాకుండా వెంట్రుకలు ఉండే రకం గొర్రెది. ఉన్ని గొర్రె చర్మంలో కొవ్వు ఎక్కువ, పొరలు వదులుగా ఉంటాయి. వెంట్రుక గొర్రెది పల్చగా కోసినా గట్టిగా ఉంటుంది, అందుకే గ్లోవ్స్‌కి అది కావాలంటారు, ఇథియోపియా తోలుకి ఈ విషయంలో మంచి పేరు. మా నెల్లూరు గొర్రెలు, పల్ల, జోడిపి, దోర, మూడూ వెంట్రుక రకమే. ఇది తెలిసినంత మాత్రాన నా స్లైస్ (బంతి కుడికి వంగిపోవడం) తగ్గలేదనుకోండి.

భీమిలి_బంకర్

మనది ఒకే ఊరు కాబట్టి చెమట సంగతి నేను చెబుతాను భయ్యా. పైన చెప్పిన సలహాలు బానే ఉన్నాయి గానీ హైదరాబాద్‌లో మే నెల ఎండ వేరు, ఇక్కడి ఉక్క వేరు. హైదరాబాద్ వాళ్లకి చెమట ఆరుతుంది, మనకి ఆరదు. లెదర్ తడిస్తే జారుతుంది, ఎంత ఖరీదైనదైనా అంతే.

నేను చేసేది ఇది: ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా రెయిన్ గ్లోవ్స్. వానకే కదా అనుకోకు. అవి స్వెడ్‌లాంటి మెత్తటి సింథటిక్ గుడ్డతో చేస్తారు, తడిసే కొద్దీ పట్టు పెరుగుతుంది, అందుకని వానకైనా చెమటకైనా దానికి ఒకటే. ఫుట్‌జాయ్ రెయిన్‌గ్రిప్ లాంటివి జతగా వస్తాయి, రెండు చేతులకీ. కుడి చేతిది వానలో తప్ప నేను వేసుకోను, బ్యాగులో పడుంటుంది. పొడిగా ఉన్నప్పుడు మాత్రం లెదర్ అంత బాగుండవు, నేను మొదటి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరే బాటిల్ నీళ్లు కాస్త చల్లి తడుపుకుంటాను, పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. చలికాలం పొద్దున్నే వాతావరణం బాగుంటుంది, అప్పుడు లెదర్ బయటికి తీస్తా.

లెదర్‌తోనే ఆడతానంటే కనీసం రెండు పెట్టుకో, మూడైతే మంచిది. రెండు మూడు హోల్స్‌కి ఒకసారి మార్చు, విప్పినదాన్ని బ్యాగుకి బయట గొడుగు పిడికి వెల్క్రోతో తగిలించు, గాలికి ఆరుతుంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య విప్పడం అలవాటు చేసుకో, నడిచేటప్పుడు దానితో పనేముంది. విప్పేటప్పుడు వేలి చివర పట్టుకుని లాగకు, మణికట్టు వైపు నుంచి మెల్లగా ఒలుచుకుంటూ రా. ఆట అయ్యాక ఉండ చుట్టి బ్యాగు జేబులో పడేస్తే మర్నాటికి అప్పడంలా తయారవుతుంది, చెమటలో ఉప్పు ఉంటుంది కదా, అది తోలుని గట్టిగా చేసేస్తుంది. చేత్తో సాపు చేసి నీడలో ఆరబెట్టు, ఆరాక అది వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే పెట్టు. కారు డాష్‌బోర్డు మీద మాత్రం వద్దు. చాలామంది లెదర్‌ని సబ్బుతో కడిగేస్తారు, నేను కడగను, తడి గుడ్డతో తుడుస్తానంతే. సింథటిక్ అయితే చల్లటి నీళ్లలో చేత్తో ఉతుక్కోవచ్చు.

సన్‌స్క్రీన్, దోమల క్రీమ్ రాసుకున్నాక అరచేతులు తుడుచుకోకుండా గ్లోవ్ తొడుక్కుంటే లోపలి నుంచి జిడ్డు పట్టేస్తుంది. ఆ ఎడమ చెయ్యి తెల్లగా, కుడి చెయ్యి నల్లగా మిగిలిపోవడానికి మాత్రం నా దగ్గర మందు లేదు, పెళ్లిళ్లలో ఫోటోగ్రాఫర్లు కూడా అడుగుతున్నారు.

రుషికొండ_హుక్

బాబాయ్, బ్రోస్, మేడమ్, అందరికీ థ్యాంక్స్. టేపుతో కొలిచాను. ఫుట్‌జాయ్ చార్టులో చుట్టుకొలత ఎంఎల్‌లో పడింది, మధ్యవేలు ఎస్ దగ్గరే ఆగిపోయింది. అంటే క్యాడెట్ ఎంఎల్ అన్నమాట. గ్రిప్‌లు కడిగాను, బకెట్లో నీళ్ల రంగు చూసి మా ఆవిడ ఆ బ్రష్ ఇంకెక్కడా వాడొద్దని పక్కన పెట్టించింది. కండ కింద క్లబ్ పెట్టి చూపుడు వేలితో లేపే పరీక్షలో మాత్రం క్లబ్ నిలబడట్లేదు, జారి కింద పడుతోంది, కాబట్టి చిల్లు ఎందుకు పడుతుందో తెలిసింది. పాత గ్లోవ్ కోచ్‌కి చూపిస్తాను.

రెండు డౌట్లు. క్యాడెట్ ఎంఎల్ ఇక్కడ ఎవరి దగ్గరా లేదు, ఆన్‌లైన్‌లో ఒకచోట మరీ చవగ్గా కనిపిస్తోంది, తీసుకోవచ్చా? పుటింగ్‌కి (బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించేటప్పుడు) గ్లోవ్ విప్పాలా?

బోగీ_బాబాయ్

మరీ చవగ్గా ఉందంటే అనుమానించు. పెద్ద బ్రాండ్ పేరు, సగం ధర, ఎప్పుడూ వినని సెల్లర్, ఈ మూడూ కలిస్తే వదిలెయ్. అసలు కంపెనీ అమ్మే చోట నుంచో, ఏదైనా క్లబ్ ప్రో షాప్ ద్వారానో తెప్పించుకో, వారం ఆలస్యమైనా పరవాలేదు. మొదట ఒక్కటే తెప్పించు. చేతికి సరిగ్గా కూర్చుంటే అప్పుడు అదే మోడల్ ఇంకో రెండు.

పుటింగ్‌కి ఎక్కువమంది విప్పుతారు, వేళ్లకి స్పర్శ తెలుస్తుందని. జాక్ నిక్లస్ విప్పేవాడు కాదు, గ్లోవ్‌తోనే పుట్ చేసేవాడు. నీకు ఏది బాగుంటే అది. విప్పితే గ్లోవ్‌కి గాలి తగులుతుంది, నీ ఊళ్లో ఆ ఒక్క కారణం చాలు.

భీమిలి_బంకర్

క్యాడెట్ వచ్చేలోపు రెయిన్ గ్లోవ్ ఎలా ఉంటుందో చూడాలనుంటే ఆదివారం రేంజ్‌కి రా, నాది వేసుకుని ఒక బకెట్ కొట్టి చూడు. నాది మామూలు ఎంఎల్, వేళ్లు కాస్త పొడుగవుతాయి నీకు, పట్టు సంగతి మాత్రం తెలుస్తుంది. ఆరు గంటలకల్లా వచ్చెయ్, ఎనిమిది దాటితే నేనుండను.